బాపు ఇచ్చిన ఒంటిగొట్టపు తుపాకి

ఆ ఏడు మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే వేళకు చేనులో అడవిపందులు పడ్డాయి. కోనరావుపేట దగ్గర, గుట్ట కింద మా చేను. మా ఆయన దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో నేను, మా అత్త ఇద్దరమే. సంగతి విని రాయికల్‌లో మా పుట్టింట్లో ఉన్న మా బాపు తన పాత తుపాకి నాకిస్తానన్నాడు. ఒకటే గొట్టం. మధ్యకు విరిచి ఒక్క తూటా పెట్టాలి, పేల్చాక మళ్లీ విరిచి ఇంకోటి పెట్టాలి. చేతులు వణుకుతున్నాయని ఆయన దాన్ని పట్టడం మానేశాడు. లైసెన్సు నా పేరు మీదికి మారేసరికి నెలలు పట్టింది, ఈలోగా మరుసటి పంట కూడా కంకులేసింది.

"భుజానికి గట్టిగ ఆనిచ్చుకో బిడ్డా. లేకుంటె ఎగిరి తంతది," అన్నాడు.

నా భయం దాని తన్ను గురించి కాదు. ఇంట్లో తుపాకి ఉందని తెలిస్తే అడవిలోని అన్నలు, నక్సలైట్లు, వచ్చి అడుగుతారు. వాళ్లకు ఇచ్చామంటే పోలీసులు వచ్చి అడుగుతారు.

తుపాకిని దుప్పట్లో చుట్టుకుని జగిత్యాలలో బస్సెక్కాను. దారిలో పోలీసులు బస్సు ఆపారు.

"గీ మూటల ఏందమ్మా?"

"తుపాకి సార్. లైసెన్సు ఉన్నది."

బస్సంతా నా వైపు తిరిగింది. కానిస్టేబుల్ కాగితం రెండుసార్లు చదివి వదిలేశాడు. కాని వెనక సీట్లో మా ఊరివాళ్లు ముగ్గురున్నారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

నాలుగు రోజులు తుపాకి ముట్టలేదు. ఐదో రోజు తెల్లవారుతుండగా చేనులో మొక్కజొన్న కర్రలు విరుగుతున్న చప్పుడైంది. గట్టు మీద నిలబడి, కదులుతున్న నల్లటి వీపుల మీదికి పేల్చాను. భుజం ఊడిపోయినట్టయింది. ఒక్క పందికీ తగల్లేదు, అన్నీ గుట్టెక్కాయి.

ఊళ్లోకి వచ్చేసరికి తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎన్‌కౌంటర్ అనుకున్నారు. పక్కింటి చూలాలు పరుగెత్తి గడప తట్టుకుని పడిందట. అదృష్టం, ఏమీ కాలేదు. మా అత్త మంచం కింద దాక్కుని ఉంది.

"ఏం జేసినవే? గా సప్పుడుకు నా పానం పోయింది!" అని ఏడ్చింది.

రెండు రోజులకు మధ్యాహ్నం పూట ఇద్దరు యువకులు వచ్చి మంచినీళ్లు అడిగారు. తాగి, చెంబు నా చేతికిస్తూ ఒకతను నెమ్మదిగా అన్నాడు:

"అక్కా, మీ దగ్గర తుపాకి ఉన్నదట?"

"ఉండె తమ్మీ. నిన్ననే ఠాణాల అప్పజెప్పిన."

అది లోపల తవుడు బస్తాలో ఉంది. మా అత్త ఆ బస్తాకే ఆనుకుని కూర్చుంది. అతను నా కళ్లలోకి చూశాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే తుపాకిని ఠాణాకు తీసుకుపోయాను. ఎస్సై చాలాసేపు తుపాకిని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"ఎవలన్న అచ్చి అడిగిండ్రా?"

"ఎవలు రాలే సార్. నాకే భయమైతుంది."

రెండు రోజుల్లో అది నా రెండో అబద్ధం. ఆయన రసీదు రాసిచ్చాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే దాని మీద ఆ రోజు తారీఖు. ఆ ఇద్దరికి నేను చెప్పింది మొన్నటి తారీఖు. వాళ్లొచ్చి రసీదు చూపమంటే ఏం చెప్పాలో తెలియక ఎన్నో వారాలు కుక్క మొరిగినా లేచి కూర్చున్నాను. పందులు మిగిలిన కంకులు కూడా తిని పోయాయి.

వాళ్లు మళ్లీ రాలేదు. నా మాట నమ్మారో, అబద్ధమని తెలిసే వదిలేశారో నాకిప్పటికీ తెలియదు.