ఎర్ర అట్ట కట్టిన సైకిలు

ఇవాళ పొద్దున్న మావారి స్నేహితుడొకాయన వచ్చాడు. ఇద్దరూ ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఒకే షాపులో పనిచేసి, కాస్త వెనకా ముందుగా రిటైరయ్యారు. మా ఊళ్లో షాపంటే సరుకులమ్మే చోటు కాదు, ప్లాంటులో పనిచేసే విభాగం. కాఫీ తాగుతున్నంతసేపూ ఆయన చూపు వరండా మూలకే పోతోంది. అక్కడ నా సైకిలుంది. పాత దుప్పటి కప్పి ఉంచాను గానీ, వెనక చక్రం మధ్యలో గారెలా ఉబ్బుగా ఉన్న మోటారు దుప్పటి కింద నుంచి కూడా తెలిసిపోతుంది. గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, చివరికి అడిగేశాడు. "చెల్లెమ్మా, ఆ మోటారు ఊరికే పడున్నాది కదా. మా తోడల్లుడి సైకిలుకి పెట్టుకుంటాం, ఇచ్చేస్తారేటి?" మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెట్టినవాళ్లనే అడగమని చెప్పి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

ఆ సైకిలు మీద నేను సర్వీసంతా టీచరు ఉద్యోగం చేశాను. ఈ ఊళ్లో సైకిలు తొక్కే ఆడదాన్ని ఎవరూ వింతగా చూడరు. సైరన్ కూస్తే చాలు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని మనుషులు గేట్ల వైపు వరదలా కదిలే ఊరిది. నాకు తొక్కడం నేర్పింది మా అక్క. ప్లాంటు కూలీల కోసం వేసిన క్యాంప్ వన్ సందుల్లో సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, "కిందికి సూడకే, ముందుకు సూడు!" అని అరిచేది. ప్లాంటు కడుతున్న రోజుల్లో బావగారు శ్రీకాకుళం నుంచి పనికొచ్చారు. ఆయన వెంట అక్క వచ్చింది, అమ్మ పోయాక అక్క వెంట నేను వచ్చాను. నాకు అన్నం పెట్టింది, బడికి పంపింది, పెళ్లి చేసింది ఆవిడే. ప్లాంటువాళ్లు మావారికిచ్చిన క్వార్టరుతో నేను సెక్టర్ సెవెన్ చెట్ల నీడకి వచ్చి పడ్డాను గానీ, ఆవిడ మాత్రం బావగారు పోయాక కూడా క్యాంపులోని ఆ ఇరుకింట్లోనే కొడుకూ కోడలి దగ్గర ఉండిపోయింది.

అక్కకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, రోజూ మధ్యాహ్నం భోజనం అవగానే సైకిలెక్కి వెళ్లేదాన్ని. చేసేది పెద్దగా ఏమీ లేదు. ఆవిడ తల దువ్వి జడ వేసేదాన్ని. ఆ వయసులో కూడా ఆవిడకి ఒత్తైన జుట్టు, దాని మీద కాస్త గర్వం. కోడలు మంచిదే, అన్నీ చేసేది, కానీ తల మీద ఆ పిల్లని చెయ్యి వేయనిచ్చేది కాదు. "దానికి దువ్వడం రాదే, కోడిని పీకినట్టు పీకుతాది" అనేది, ఆ పిల్ల వింటుండగానే. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు కంటే హిందీయే ముందొస్తుంది, అంచేత సగం అర్థం కానట్టే ఊరుకునేది. నేను జడ వేస్తుంటే అక్క కళ్లు మూసుకుని, శ్రీకాకుళంలో మా ఊరి సంగతులన్నీ మొదటి నుంచీ చెప్పేది. విన్నవే అన్నీ. అయినా ఆ గంట నాది.

ఒకరోజు వచ్చి చెప్పులు విప్పుతూ, "అండర్‌బ్రిడ్జి ఎత్తు ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయండీ" అన్నాను. అంతే, అంతకంటే ఏమీ అనలేదు. రైలు పట్టాల కింద నుంచి దిగి మళ్లీ పైకెక్కితే గానీ క్యాంపు రాదు. ఆ చివరి ఎత్తులో దిగి కాస్త నడిపించుకుంటే సరిపోయేది. కానీ మావారి మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక మా ఇంట్లో ఆయన చేతిలో పడని వస్తువు లేదు. మిక్సీ అయింది, ఫ్యాన్ల రెగ్యులేటర్లు అయ్యాయి, బాగానే ఉన్న కాలింగ్ బెల్ కూడా అయింది. అది ఇప్పుడు వర్షం వస్తే దానంతటదే మోగుతుంది. ఆ సాయంత్రమే ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టారు. మామూలు సైకిలు వెనక చక్రం తీసి, మధ్యలో మోటారున్న చక్రం ఎక్కించి, బ్యాటరీ తగిలిస్తే బండైపోతుందట. వారం తిరిగేసరికి పార్సిల్ దిగింది. అమ్మిన కుర్రాడు ఒక పూట పని అని చెప్పాడని ఆయనే నాతో అన్నారు. ఆ ముక్క నేను మరిచిపోలేదు.

ఒక పూట పని ఒక్కడే చేస్తే ఒక పూటలో అవుతుంది. ప్లాంటులో మిషను ఆపి రిపేరు చేసినట్టు, మా ఇంట్లో దానికి పెద్ద షట్‌డౌనే జరిగింది. షాపులోని పాత మిత్రులు పొద్దున్నే దిగేవాళ్లు, వాళ్లకి టీలు, పకోడీలు. వైరింగ్ ఒకరు చూస్తే బ్రేకులు ఒకరు, పక్కన కూర్చుని లోపాలు ఎంచడానికి ఇంకొకరు. ఒకరు బిగించింది మర్నాడు ఇంకొకరు విప్పి మళ్లీ బిగించేవారు. బ్యాటరీ పెట్టెకి పల్చటి రేకు చాలదని, నా చిటికెన వేలంత మందం ఇనప పలక తెచ్చి వెల్డింగ్ చేశారు. జీవితమంతా కొలిమి పక్కన బతికినవాళ్లకి పల్చటిదంటే నమ్మకం కుదరదు. ఆ పెట్టెలో సీసం బ్యాటరీలు. లిథియం అంటే పేలిపోతాయని ఒకాయన భయపెట్టాడు. చివరికి నేను ఒంటిచేత్తో వరండా మెట్టు దింపుకునే సైకిలు ఇద్దరు మగాళ్లు పడితే గానీ కదలనిదైంది. బరువు సంగతి ఎత్తితే, "మోటారుంది కదే, నువ్వు తొక్కక్కర్లేదు" అన్నారు మావారు.

మొదటిరోజే ఆయన హ్యాండిల్‌కి ఎర్ర అట్ట కట్టారు, ప్లాంటులో మిషను మీద పని జరుగుతుంటే దాన్నెవరూ నడపకుండా కట్టేటటువంటిదే. అట్ట కట్టినవాడే విప్పాలి, మరొకడు ముట్టుకోకూడదు. లైను ఫ్యూజు కూడా అట్ట కట్టినవాడే తీసి తన జేబులో పెట్టుకోవాలి. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన ఇదే పాఠం చెప్పేవారు. "ఈ అట్ట వల్లే రోజూ రెండు చేతుల్తో ఇంటికొచ్చాను" అని నాతోనూ అనేవారు. ఆ మాట నిజం. ఎన్నో షిఫ్టుల్లో ఆయన కోసం వీధి గుమ్మంలో నిలబడ్డదాన్ని, ఆ అట్టకి నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నదాన్నే. కానీ అది వరండాలో నా సైకిలుకి వేలాడుతుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిన రోజులు తొందరగానే అయిపోయాయి.

సైకిలు లేకపోయేసరికి మొదట్లో ఆటోలో వెళ్లాను. క్యాంపు సందులోకి ఆటో రాదు, మెయిన్ రోడ్డు మీదే దింపేస్తాడు. అక్కడి నుంచి నడక. అలా కొన్నాళ్లు వెళ్లేసరికి మోకాలు బుంగలా వాచింది, డాక్టరు నడవొద్దన్నాడు. కళ్లు తిరుగుతున్నాయని మావారు తన స్కూటరు ఎప్పుడో అమ్మేశారు. రేపైపోతుంది, ఎల్లుండైపోతుంది అంటూనే ఉన్నారు. అక్క రోజూ కోడలి చేత ఫోన్ చేయించేది. "ఏటే, ఇంకా అవలేదేటి నీ సైకిలు? నా జడ ముళ్లు పడిపోనాదే. ఎప్పుడొస్తావు?" మాట ముద్దముద్దగా వచ్చేది, కానీ ఆ ప్రశ్న మాత్రం స్పష్టంగా ఉండేది. ఫోన్ పెట్టేసి వరండాలోకి వస్తే, అందరూ నా చక్రం చుట్టూ కూర్చుని పకోడీలు తింటూ ఉండేవారు.

ఎట్టకేలకు పని అయింది. వీధిలో మావారు అటూ ఇటూ తిప్పి చూశారు, చప్పుడు లేకుండా పోయింది. బాగుందనే అనిపించింది. రేపటి నుంచి వెళ్తానన్నాను. ఆయన ఫ్యూజు తీసి జేబులో వేసుకుని, అట్ట మళ్లీ తగిలించారు.

"విశ్వకర్మ పూజ ఎదురుగా ఉంది. కొత్త మిషను పూజవకుండా ఎలా నడుపుతావే?"

"అది మిషనేటండీ, నా సైకిలు! అక్క ఎదురుచూస్తోంది."

"ఇన్నాళ్లు ఆగినావు, ఈ నాలుగు రోజులకి ఏటైపోద్ది? ఆ రోజు నీ చేతనే కొబ్బరికాయ కొట్టిస్తాను."

పక్కనున్న హిందీ స్నేహితుడు, "భాభీజీ, బస్, థోడా సబ్ర్" అని నవ్వాడు. ఓర్పు పట్టమని నాకు చెబుతున్నాడు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మిషన్లకీ పనిముట్లకీ చేసే ఆ పూజనాడే కొత్తది దేన్నయినా మొదలుపెట్టడం వాళ్లకి ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు. అయినా వాళ్ల నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పూజనాడు మా కాలనీ ఖాళీ. ఆ ఒక్కరోజూ ఇంటిల్లిపాదినీ ప్లాంటులోకి రానిస్తారు. పిల్లలకి కొత్త బట్టలు వేసి, నాన్న పనిచేసే చోటు చూపించడానికి అందరూ వెళ్తారు. మావారు స్నేహితులతో పాత షాపుకి వెళ్లారు. తిరిగొచ్చాక నా చేత కొబ్బరికాయ కొట్టించాలని సైకిలుకి బంతిపూల దండ వేసి, పసుపు రాసి మరీ వెళ్లారు. కాసేపటికి అక్క కోడలు ఫోన్ చేసింది. "పిన్నీ, అత్తమ్మ ఊపిరి అదోలా తీస్తున్నారు. మిమ్మల్నే అడుగుతున్నారు. ఈయన పూజకెళ్లారు, ఫోన్ లగట్లేదు. జల్దీ రండి పిన్నీ." మావారికి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. డప్పుల మోతలో ఏం వినిపిస్తుంది? మూల మీది ఆటో స్టాండుకి కుంటుకుంటూ వెళ్లాను. ఆటోలన్నీ దండలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నాయి, పందిట్లో హారతి జరుగుతోంది. "దీదీ, ఆజ్ గాడీ నహీ చలేగీ, భగవాన్ కా దిన్ హై" అన్నాడు ఒకతను, నా చేతిలో ప్రసాదం పెడుతూ. బండి కదలని రోజట అది. మనిషి ప్రాణం మీదికొచ్చిందని చెప్పాను. మైకు హోరులో అతనికి వినిపించిందో లేదో నాకు తెలియదు.

వెనక్కి వచ్చి, కత్తెరతో ఆ ఎర్ర అట్ట తీగ తెంపాను. మెట్టు మీంచి సైకిలు దానంతటదే దిగింది, నేను పట్టుకుని వేలాడానంతే. హ్యాండిల్ తిప్పితే ఏమీ లేదు. ఫ్యూజు ప్లాంటులో, ఆయన చొక్కా జేబులో ఉంది. తొక్కాను. చదునైన రోడ్డు మీద ఎలాగో సాగింది. అండర్‌బ్రిడ్జిలోకి దిగడం కూడా దిగాను. ఎత్తు దగ్గర ఆగిపోయింది. ఇదివరకు దిగి నడిపించుకునే చోటే దిగి తోశాను, ఆ ఇనప్పెట్టె నన్ను వెనక్కి లాగింది. పూజకి వెళ్తున్నవాళ్లెవరో బండి ఆపి, "ఆంటీ, బ్యాటరీ ఖతమ్ హో గయీ క్యా?" అని అడిగారు, ఛార్జి అయిపోయిందనుకుని. దండ వేసిన సైకిలు చూసి పిల్లలు చేతులూపారు. నేను సైకిలుని గోడకి ఆనించి వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని నడిచాను.

వెళ్లేసరికి అక్కకి గడ్డం కింద గుడ్డ కట్టేశారు. కోడలు నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఆఖర్లో కూడా దువ్వెన అడిగారు పిన్నీ. నేను దువ్వుతానంటే వద్దన్నారు, అది వస్తుంది అన్నారు." నేను తలవైపు కూర్చుని దువ్వెన అందుకున్నాను. ఇప్పుడెందుకని చుట్టుపక్కల ఆడవాళ్లు అన్నారు. అయినా ఒక్కొక్క ముడీ విప్పాను, నొప్పెట్టకుండా. జడ వేశాను.

సాయంత్రానికి మావారు నన్ను వెతుక్కుంటూ అక్కడికి వచ్చారు, నుదుట కుంకుమ, చేతిలో బూందీ పొట్లంతో. గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు. తర్వాత నన్ను చూశారు. "సైకిలు ఇంట్లో లేదు. ఫ్యూజు నా దగ్గరే ఉంది కదా, ఎలాగొచ్చావు?" అన్నారు. ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లింది. అప్పుడు ఆయనకి అర్థమైంది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి చాలాసేపు దిగలేదు. ఆయన చేసిందంతా నా మోకాళ్ల కోసమేనని నాకు తెలుసు. తెలిసినా కోపం పోలేదు. పోవాలని నేను కోరుకోవడం కూడా లేదు.

ఇవాళ ఆ స్నేహితుడు మోటారూ, బ్యాటరీలూ, పెట్టె విప్పుకుని ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. మావారు లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఫ్యూజు తెచ్చి అతని చేతిలో పెట్టారు. ఇన్నాళ్లూ అది అక్కడ దాచారని నాకు తెలియదు. వెనక చక్రం లేకుండా సైకిలు గోడకి ఒరిగి ఉంది. ఆయన అటక మీంచి పాత చక్రం దించి, దుమ్ము తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగారు. "ఇది ఎక్కించెయ్యమంటావేటి? గంట పని."

"ఎక్కించి ఎక్కడికెళ్లమంటారు?" అన్నాను.

ఆయన చక్రం అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎంతెంత పెద్ద మిషన్లనో ఆపి, పని పూర్తిచేసి, ఆపిన చోటు నుంచే మళ్లీ నడిపించిన మనిషి. కాలానికి షట్‌డౌన్ తీసుకోవడం మాత్రం ఆయనకీ చేతకాలేదు.