నేను వెయ్యని కేక

గోసాని నువాగాంలో మా సత్సంగం వారి పురాణ పఠనం ముగించి హారతికి లేస్తుండగా, రంభ అనే ఊళ్ళో అప్పలస్వామి గారు కాలం చేశారని కబురు వచ్చింది. హారతి పళ్ళెం పక్కవారి చేతికిచ్చి కూర్చుండిపోయాను. వయసు పైబడినవారే, కొన్నాళ్ళుగా మంచాన ఉన్నవారే. అయినా ఆయన బతికుండగా నేను చెప్పవలసిన మాట ఒకటి ఉండిపోయింది.

సముద్రం వైపున్న గోల్ఫు మైదానంలో ఆటగాళ్ళను వరసగా ఆటలోకి పంపడం ఆయన పని. నడుమూ భుజాలూ బాగా కదిలించనిదే ఎవరినీ మొదటి దెబ్బ కొట్టనిచ్చేవారు కాదు. కర్ర చాచి పట్టుకొని ఒక చుట్టు తిరగమనేవారు. "గుళ్ళో తిరిగినట్టు తిరగండి బాబూ. కర్ర అందినంత దూరంలో మనిషన్నోడు ఉండకూడదు."

ఒక వైశాఖ మాసపు సాయంకాలం ఉరుము వినగానే అందరినీ లోపలికి రమ్మన్నారు. పెద్ద అధికారి ఒకాయన "ఇంకొక్క దెబ్బ" అంటే, తిన్నగా వెళ్ళి ఆయన చేతిలోని ఇనుప కర్ర తీసుకున్నారు. "ఆఫీసులో మీరు పెద్దోరే బాబూ. పైన ఉరిమేటోడికి ఆ సంగతి తెల్దు." అధికారి నవ్వేసి వెంట నడిచారు.

అందరికీ ఆయన మరీ మరీ చెప్పింది ఒకటే: "బంతి ఎగిరిపోనాక మన సేతిలో ఉండదు. నోరొకటే ఉంటది. మనిషి వైపెల్తే అరవండి."

మధుమేహానికి నడక మంచిదని వైద్యులు చెప్పగా నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఆ ఆట నేర్చుకున్నాను. ఏకాదశికి ఉపవాసం, మధ్యాహ్నం దాకా మౌనం నా నియమం. ఒక ఏకాదశి ఉదయం ఆయన నన్ను ఆపారు.

"ఈయాల మౌనం కదేటి మేస్టారూ? ఎలాగ అరుస్తారు?"

అవసరమైతే అరుస్తానని సైగ చేశాను. నమ్మి పంపారు.

మూడో దెబ్బకు బంతి పక్కకు తిరిగి, పనివాళ్ళు నడిచే బాట మీదికి పోయింది. ఆ బాటన ఆయన నీళ్ళ కూజా పట్టుకొని వస్తున్నారు. నోరు తెరిచాను. వ్రతం గుర్తొచ్చింది. మూసుకున్నాను. రెండు చప్పట్లు కొట్టాను. సముద్రపు గాలిలో ఆ చప్పుడు నాకే వినబడలేదు. బంతి ఆయన ఎడమ కంటికి తగిలింది.

ఆసుపత్రిలో మైదానం పెద్దలు ఆయన్ని అడిగితే, "నిలబడకూడని చోట నిలబడ్డాను. తప్పు నాదే" అన్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది, మౌనం ముగిసింది. అయినా మాట్లాడలేదు.

ఆ కన్ను పోయింది. జాగ్రత్తలు చెప్పేవాడే చోటు తప్పాడని నవ్వుకొని, ఆయన్ని పనిలోంచి మాన్పించారు. రంభకు వెళ్ళి, ఉన్న కంటితో వలలు బాగుచేసుకుంటూ బతికారు. నేను అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. ఒకసారి అడిగారు:

"యేకాదసికి ఇంకా మౌనమేనా మేస్టారూ?"

"ఔనండి."

"దేవుడి సంగతి నాకు తెల్దు గానీ, నాకైతే ఒక్క కేక సరిపోయీది." అని నవ్వారు. ఆయనతోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వును దేవుడు మన్నిస్తాడో లేదో తెలియదు. సకల ప్రాణుల్లో ఆ దేవుడే ఉన్నాడని ఏళ్ళ తరబడి చదివి వినిపించిన నోరు ఇది.

ఆయన్ని ఎరిగినవారందరికీ విన్నవించుకుంటున్నాను. అప్పలస్వామి గారు చోటు తప్పలేదు. అది బంతి రాకూడని బాట. గురి తప్పింది నేను, నోరు మూసుకున్నదీ నేనే. తనకు చేటు చేసినవాడి పరువు కాచి, ఆ నింద మోస్తూ వెళ్ళిపోయిన అలాంటి మనిషిని మళ్ళీ చూడబోము. ఆయన పాదాలకు నా నమస్కారం.

వచ్చే ఏకాదశినాడు సత్సంగంలో నిలబడి ఈ మాట పైకి చెబుతానని, దయచేసి రమ్మని ఆయన భార్య లచ్చమ్మ గారిని వేడుకున్నాను.

"వస్తాను. గట్టిగా సెప్పండి మేస్టారూ. ఎనక కూకున్నోలికీ ఇనబడాల."