కుప్పంలో ముసురు, లెక్కలో ఎండ

ఎనభైల మొదట్లో మదనపల్లెలో టమాటా తెగుళ్ల పరిశోధనలో నేను సహాయకురాలిని. గాలిలో తేమ పెరిగి, దానికి చలి తోడై, రెండు మూడు రోజులు అలాగే ఉంటే ఆకుమాడు తెగులు తప్పదు. దాన్ని ముందే లెక్కగట్టి, మందు కొట్టమని రైతులకు కబురు పంపేవాళ్లం. ముసురు పట్టిన ఆ వారం మదనపల్లె, పుంగనూరు లెక్కలు ప్రమాదమన్నాయి. కుప్పం దగ్గర మునెప్ప అనే రైతు పొలంలో గాలిలో తేమ కొలవడానికి మేం పెట్టిన థర్మామీటర్లు మాత్రం గాలి పొడిగా ఉందన్నాయి. మందు అక్కర్లేదని ఆఫీసు ఆయనకు చెప్పి పంపింది. మా మాట మీద రాగి మానేసి, ఉన్న పొలమంతా టమాటా పెట్టిన మనిషాయన. ఒకే మబ్బు కింద ఆ ఒక్క ఊరు ఎలా ఆరిపోయిందా అని నాకు అనుమానం వచ్చింది.

చూసొస్తానని తొలి బస్సెక్కాను. పుంగనూరులో బస్సు మారే వ్యవధిలో టీకొట్టు భాయ్‌ని కుప్పం పక్క వానలున్నాయా అని అడిగాను.

"యాల అడుగుతారమ్మా, ఆడినుంచి వచ్చే బస్సుల మీద మూటలన్నీ తడిసే వస్తాండాయి," అన్నాడు.

టీ సగంలో వదిలేసి బస్సెక్కాను. అక్కణ్నుంచి పలమనేరు, వి.కోట మీదుగా దారి. అడవి పక్కగా పోతుంటే ఏనుగులు దిగుతున్నాయని కండక్టరు చెప్పాడు, బస్సంతా బిక్కచచ్చిపోయింది. నా భయం ఏనుగంత కాదు, ఆకు మీద మచ్చంత. మధ్యాహ్నానికి కుప్పంలో దిగి, బేరమాడకుండా జట్కా ఎక్కాను.

పొలంలో థర్మామీటర్ల కోసం మేం నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె తలుపు తీస్తే లోపల ఖాళీ.

"థర్మామీటర్లు ఏవి మునెప్పన్నా?"

"ఇంట్లో పదిలంగా ఉండాయమ్మా. వానకు పాడైతాయని పొయ్యి మీద కట్టినాము. దినమూ ఆడే సూసి లెక్క పంపిస్తాండా."

వంటింట్లో, పురుగు పట్టకుండా పొగ తగిలేలా దూలానికి కట్టిన విత్తనపు కంకుల పక్కనే మా గాజు గొట్టాలు వేలాడుతున్నాయి. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు. వారంగా మేం లెక్కగట్టింది వాళ్ల వంటింటి వాతావరణాన్ని! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తోటలోకి పరిగెత్తాం. పల్లపు మడుల్లో ఆకులు ఉడికినట్టు నల్లబడ్డాయి, తిరగేస్తే తెల్లటి బూజు.

"మందు వద్దంటిరి గదమ్మా," అన్నాడు మునెప్ప. గొంతులో కోపం లేదు, అదే నేను భరించలేకపోయాను.

తెగులు తగిలిన మొక్కలు పీకి పూడ్చాం. మైలుతుత్తం, సున్నం కలిపి మందు సిద్ధం చేసి పెట్టుకుని, వాన ఎప్పుడు తెరిపిస్తుందా అని ఆకాశం చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం కాస్త తెరిపిచ్చాక కొట్టాం. మెరక మడులు దక్కాయి. పల్లంలోని సగం తోట ఆ వారంలోనే మాడిపోయిందని తర్వాత తెలిసింది.

బయలుదేరేటప్పుడు మునెప్ప భార్య రామక్క థర్మామీటర్లను కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "సూడమ్మా, మీ సామానుకు ఒక గీత గూడా పడలా," అంది. గాజు జాగ్రత్తని మేం పదేపదే చెప్పిన మాటను వాళ్లు అక్షరాలా పాటించారు. ఇన్నేళ్లయినా ముసురు పడితే రామక్క మాటే వినిపించి నాకు భయమేస్తుంది. ఆ దారిన వెళ్లేవాళ్లు వానరోజుల్లో తొలి బస్సే పట్టుకోండి. ఎవరి పొలంలోనైనా పరికరం పెట్టి వస్తుంటే, చదవడం నేర్పే ముందు, అది పగిలినా పర్వాలేదని చెప్పి రండి.