పిచ్చి కాదు, పొగరు

మా ఊళ్లో తాగి బండి నడిపి లైసెన్సు పోగొట్టుకున్న ప్రతివాడూ మా ఆవిడ దోన్కా ముందు కూర్చోవలసిందే. ఆమె పెట్టే మనస్తత్వ పరీక్ష గట్టెక్కితేనే మళ్లీ స్టీరింగు. బతికినన్నాళ్లూ ఆమెను తిట్టుకున్నవాళ్లే ఇప్పుడు నా భుజం తట్టి ఎంత మంచిదో అంటూంటే ఒళ్లు మండుతోంది.

కొత్త బస్సుల ప్రారంభోత్సవంలో, బ్రేకులు సరిగ్గా పడటం లేదన్న పాపానికి, మేయర్ గెంకోవ్ డ్రైవరు ఇలియాను మైకుతో మూతి మీద కొట్టాడు. పన్ను ఊడింది. కేసయింది. మేయరంటే గిట్టని టీవీవాళ్లు దోన్కాను పిలిచారు. పరాయి దేశం నుంచి తెచ్చి తర్జుమా చేసిన ప్రశ్నల పట్టిక ఒకటి చేతిలో పెట్టారు. వీడియోలు చూసి మార్కులు వేసి, మేయరుది మానసిక రోగమని ఆమె తేల్చాలి.

ఇంట్లో రకియా సారా గ్లాసు ముందు పెట్టుకుని చదువుతూ పకాలున నవ్వింది.

"ఏమయ్యా, విన్నావా? అవునంటూ తల అడ్డంగా ఊపేవాడు అబద్ధాలకోరట. ఈ లెక్కన మీ అమ్మే మొదటి ముద్దాయి."

"మా అమ్మ జోలికి రాకు. అవునంటే ఊరంతా అలాగే ఊపుతాం కదే!"

"తర్జుమా చేసిన వెధవ కూడా ఊపుతూనే చేసుంటాడు."

"పోనీ, రోగమని చెప్పెయ్యరాదూ? పీడ విరగడవుతుంది."

"విరగడయ్యేది కేసు. వాడి లాయరు కాచుక్కూర్చున్నది ఆ మాట కోసమే. రోగికి శిక్షేమిటంటాడు. ఇలియా ఊడిన పన్నుతో ఇంటికి పోవాలి."

ప్రసారం మొదలవగానే యాంకరు ప్లామెన్ ముందుకు వంగాడు. "మేడం, ఒక్క ముక్కలో చెప్పండి. మేయరుది రోగమే కదా?"

దోన్కా తల పైకీ కిందికీ ఊపింది. మాలో కాదనడం అదే.

"ఎదురుగా కూర్చుని మాట్లాడని మనిషికి నేను జబ్బు అంటగట్టను. కళ్లతో చూసింది చెబుతా. మైకు పక్కవాడికిచ్చాడు. చేతి వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. మైకు మళ్లీ అందుకుని అప్పుడు కొట్టాడు. వాచీ పగులుతుందని తెలిసినవాడికి పన్ను ఊడుతుందని తెలియదా? ఇది పిచ్చి కాదు, పొగరు. దీనికి ఆసుపత్రి ఎందుకు? కోర్టు చాలు."

ప్లామెన్ మొహం మాడ్చుకుని ప్రకటనలు వేయించాడు. మర్నాడు రొట్టెల కొట్టులో, "ఎంతకు అమ్ముడుపోయావమ్మా?" అని మేయరంటే గిట్టనివాళ్లు మొహం మీదే అడిగారు. నెల తిరక్కుండా మేయరు మనుషులు ఆమెను ఉద్యోగంలోంచి పీకేశారు. ఇటు తిట్టినవాళ్లూ అటు పీకినవాళ్లూ సర్కిల్లో ఒకే కాఫీ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు.

కోర్టులో లాయరు మతిచాంచల్యం పాటే ఎత్తుకున్నాడు. జడ్జి వీడియో వేయించి, వాచీ విప్పిన చోట ఆపించి, లాయరు వంక చూశాడు. గెంకోవ్‌కు జైలుశిక్ష పడింది.

మెట్ల మీద ఇలియా ఎదురయ్యాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"అప్పట్లో నా లైసెన్సు ఆర్నెల్లు తొక్కిపట్టావు. అది మాత్రం మర్చిపోను," అన్నాడు.

"మర్చిపోకు. తాగి నడిపావు," అంది దోన్కా, పట్టుకో అన్నట్టు నా వైపు చెయ్యి చాపుతూ.