ఆగ్నేయంలో వేడినీళ్లు

ప్రొద్దుటూరులో మేము ఇల్లు కట్టుకున్నది నా కూతురి పురిటి కోసం. మా ఆయన మాత్రం తన రిటైర్మెంటు కోసమంటాడు. అద్దె ఇంట్లో తొలికాన్పు చేస్తే వియ్యాలవారి ముందు తలెత్తుకోలేమని, పిల్ల వచ్చేలోగా గడప నిలబడాలని పోరు పెట్టింది నేను. ఆ ఇంట్లో నేను కోరింది కూడా ఒక్కటే. బాలింతకూ బిడ్డకూ కుళాయి తిప్పగానే వేడినీళ్లు వచ్చే స్నానాల గది.

మా ఆయన ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. జీవితంలో ఒక్క బిందె మోసిన పాపాన పోలేదు. కానీ నీళ్ల పైపులు ఎటు పోవాలో గీయడానికి పెన్సిల్ ఆయనే పట్టుకున్నాడు. పక్కన సలహాకు ఒక వాస్తు సిద్ధాంతి. పులివెందుల నుంచి బస్సులో వచ్చేవాడు. వచ్చేటప్పుడు చేతిలో దిక్సూచి, పోయేటప్పుడు సంచిలో మా ఇంటి నెయ్యి.

స్నానాల గది వాయవ్యంలో ఉండాలన్నాడు సిద్ధాంతి. సరే. మిద్దె మీద పెట్టే సోలార్ హీటరు మాత్రం ఆగ్నేయ మూలలో ఉండాలట. "వేన్నీళ్లంటే అగ్ని గదప్పా. అగ్నిని ఆగ్నేయంలో గాక యాడ పెడతావు?" అన్నాడు మా ఆయనతో. అంటే ఈ మూల కాగిన నీళ్లు ఇల్లంతా దాటి ఆ మూలకు పోవాలి.

"ఆడ నుంచి ఈడికి వచ్చేలోపల సల్లబడవా స్వామీ?" అని అడిగాను.

సిద్ధాంతి నా వైపు తిరగను కూడా లేదు. "ఆడోళ్లకు తొందర శానా ఎక్కువ," అని మా ఆయనకు చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. రోజూ నీళ్లు కాచేది నేను, నవ్వేది వాళ్లు.

ఇక చన్నీళ్ల సంగతి. మా బోరు నీళ్లు ఉప్పన. మున్సిపాలిటీ మంచినీళ్లు పొద్దున కాసేపు వస్తాయి. అవి వచ్చీరాగానే వీధిలో ప్రతివాడూ కుళాయి పైపుకు మోటరు తగిలించి పక్కింటి వాటా కూడా లాగేసుకుంటాడు. చేయకూడని పనే, కానీ చేయనివాణ్ణి మా వీధిలో చేతగానివాడంటారు. మా ఆయన చేతగానివాడు అనిపించుకుంటాడా? ఆ మోటరు నీళ్లను నేరుగా స్నానాల గదికే తోలించాడు. వేడినీళ్లేమో మిద్దె మీది ట్యాంకు నుంచి వాటంతట అవి జారాలి. రెండూ వచ్చి కలిసేది ఒకే కుళాయిలో.

"రెండూ ఒక ట్యాంకు నుంచే రానీయప్పా. ఒగటి తోస్తాంటే ఇంగొగటి యాడ నుంచి దిగుతాది?" అన్నాను.

"నా మనవడికి మంచినీళ్లు పడాల. నీకు తెల్దు, ఊరికే ఉండు," అన్నాడు.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు. మా ఇంట్లో అవి దాయాదులయ్యాయి. గృహప్రవేశం మరునాడు మోటరు వేసి కుళాయి తిప్పితే, చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి, మిద్దె మీద హీటరుకున్న గాలి గొట్టంలోంచి పొంగి, పక్కింటివాళ్లు ఎండబెట్టిన మిరపకాయల మీద పడ్డాయి. మా ఆయన మిద్దెక్కి చూసి, "ప్రెషరు ఎట్లుందో చూడు," అని మురిసిపోయాడు. తన తప్పును చూసి అంత సంతోషించిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

కూతురు ఆసుపత్రి నుంచి మగబిడ్డతో ఇంటికి వచ్చింది. బిడ్డకు నీళ్లు పోయాల్సిన రోజు పెరట్లో పొయ్యి వెలిగించి నీళ్ల కాగు పెట్టబోయాను. "ఇంత హంగు పెట్టుకోని పొయ్యి ముందర కూచ్చుంటావా? నలుగురూ నవ్వరా?" అని మా ఆయన కట్టెలు లాగేశాడు. కనీసం బకెట్లోకి పట్టమన్నాను. అదీ వినలేదు. ఈసారి వేడినీళ్లు కూడా దిగేలా చన్నీళ్లు సన్నగా తిప్పి, గొట్టం షవరు చేతబట్టి నిలుచున్నాడు.

పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకున్నాను. మా ఆయన అరచేత్తో నీళ్లు చూసి, "గోరెచ్చగ ఉండాయి," అంటూ ముందు నా పాదాల మీద పట్టాడు. నిజంగానే గోరువెచ్చగా ఉన్నాయి. అంత పొడవు పైపులోని వేడి అప్పటికింకా మా దాకా రాలేదు మరి. అది వచ్చే సమయానికి కరెంటు పోయింది. కరెంటు పుట్టే ముద్దనూరు, నా కూతురి అత్తగారి ఊరు, పక్కనే ఉన్నా మాకు ఈ భాగ్యం తప్పదు. మోటరు చప్పుడు ఆగిపోయింది. మోటరు ఆగితే చన్నీళ్లు ఆగి ఉత్త వేడినీళ్లే దిగుతాయని ఆ గదిలో నాకొక్కదానికే తట్టింది. బిడ్డను పైకెత్తేశాను. సలసల కాగిన నీళ్లు మోకాళ్ల కింద నా కాళ్ల మీద పడ్డాయి.

స్నానాల గది వాకిట్లో నా కూతురు నిలబడి చూస్తోంది. వచ్చి బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుంది.

"ఈ కరెంటు ఇప్పుడే పోవాల్నా," అన్నాడు మా ఆయన. తరువాత సిద్ధాంతికి ఫోన్ చేశాడు. బాలింత తల పెట్టుకునే దిక్కు సరిగా లేదని జవాబు వచ్చింది. నేను బొబ్బలకు మందు రాసుకుంటుంటే, మా ఆయనగారు కూతురి మంచాన్ని ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఈడ్చాడు. నాకు కాళ్ల మంట కంటే ఆ మంచం చప్పుడే ఎక్కువ బాధ పెట్టింది. అంత మూర్ఖుడితో ఇన్నేళ్లు కాపురం చేశానా అని అసహ్యం వేసింది.

"అమ్మా, నేను ముద్దనూరు పోతా. ఆడ మా అత్త కాగులో నీళ్లు కాస్తాది," అంది కూతురు.

మూడో నెల రాకుండా బాలింత పుట్టింటి నుంచి పోవడం మా వైపు శానా పరువు తక్కువ. ఎవరడిగినా తప్పు పుట్టింటిదే అంటారు. ఈసారి వాళ్లన్నది నిజమే అవుతుంది.

"మంచిరోజు చూసి పోదువులేమ్మా," అన్నాడు మా ఆయన మంచం సర్దుతూ.

"ఈ పొద్దే పోతా నాయనా," అంది.

కుంటుకుంటూ పోయి, పిల్లవాడి గుడ్డలు నేనే మడిచి సంచిలో పెట్టాను.