గాలపు కర్రంత దూరం

ఆ రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో టీవీలో చెప్పేవారు. మా వీధిలో మాత్రం గాలాల మామ తన గాలపు కర్రతో కొలిచి చూపించేవాడు. ఎవరైనా గుమ్మం దాకా వస్తే చాలు, కుర్చీలోంచి లేవకుండానే కర్ర చాపి, దాని కొస వచ్చినవాళ్ల చొక్కా బొత్తానికి తగిలేలా పెట్టి, "గాడ్నే ఆగు. జర ఎన్కకు" అనేవాడు. పాలవాడు, కూరగాయల బండివాడు, చివరికి థర్మామీటరు తుపాకీ పట్టుకుని వచ్చే మునిసిపాలిటీ అమ్మాయి కూడా ఆ కర్రకు అలవాటు పడిపోయారు. ఇప్పుడు తల్చుకుంటే ఆ కాలమంతా నాకు ఆ కర్ర కొసన నిలబడి కన్న పగటికలలా అనిపిస్తుంది. భయం లేదని కాదు. రోజూ భయపడేవాళ్లం. కానీ భయం కూడా కొన్నాళ్లకు ఇంట్లో ముసలి చుట్టంలా ఓ మూల కూర్చుని, మన పనులు మనల్ని చేసుకోనిస్తుంది.

అప్పుడు నేను హైదరాబాదులో ఒక దినపత్రికలో కుర్ర సబ్ ఎడిటర్ని. సూరత్‌లో ఉధ్నాలో కాపురముండే అక్క "నాలుగొద్దులుండి పోరా" అంటే వచ్చాను. నేను రైలు దిగాను, రైళ్లు ఆగిపోయాయి. (నా వల్లనే ఆగాయని బావ చాలాకాలం వాదించాడు.) సాయంత్రం లాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరెవరి ఊళ్ల వార్తలో దిద్దడం, మిగతా పొద్దంతా వీధి వైపు గ్యాలరీలో కూర్చోవడం నా దినచర్య. రాత్రీ పగలూ టకటకలాడే ఉధ్నా మగ్గాలు ఒక్కసారిగా మూగబోయాయి. బావకు ఆ చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. "చెవుల్ల దూది పెట్టినట్టున్నదే" అని పక్క మీద దొర్లేవాడు. నాకేమో ఆ నిశ్శబ్దంలో ఎక్కడెక్కడి పిట్టలో వినపడేవి. అంత పెద్ద ఊరికి ఎవరో జోల పాడి, అది నిద్రపోయాక పాట ఆపడం మరిచిపోయినట్టుండేది.

గాలాల మామది బావ వాళ్ల ఊరి పక్క ఊరే, కరీంనగర్ వైపు. పిల్లవాడిగా ఉన్నప్పుడే మగ్గాల పనికి వచ్చి, మగ్గాలు బాగుచేసే మాస్టరై, పని మానేసి మా ఎదురింట్లో స్థిరపడ్డాడు. ఆదివారం వస్తే తాపీ నది ఒడ్డున ఉండాల్సిందే. లాక్‌డౌన్‌లో నదికి పోనివ్వలేదు కనుక, ఇంట్లో కూర్చుని గాలపు కర్రలు కట్టేవాడు. సన్నటి ఫైబర్ కడ్డీ తీసుకుని, దారం పోయే రింగుల్ని దాని మీద వరసగా పేర్చి, మగ్గాల కండెల్లో మిగిలిన సిల్కు దారంతో ఒక్కొక్క రింగునూ పోగు పక్కన పోగు ఆనేలా బిగించేవాడు. చివర రెండు చుట్లు జరీ. చేతులు ఇక్కడ దారం చుడుతుంటే నోరు నది దగ్గర ఉండేది. "ఇప్పుడు గా రాయి కాడ నీళ్లు పచ్చగైతయి. చేప తోక అట్ల ఇట్ల అంటది..." అని గాల్లో చూస్తూ చెబుతుంటే, కర్రంత దూరంలో నిలబడ్డ నా కాళ్లు కూడా తడిసినట్టుండేవి.

ఆయన కట్టిన కర్ర దుకాణంలో దొరకదు, ఆయన అమ్మడు. మోచేతి నుంచి అరచేతి దాకా టేపు పెట్టి కొలిచి, ఆ మనిషి చేతికి మాత్రమే సరిపోయేలా పిడి చేస్తాడు. టేపు పెట్టాడంటే ఆ మనిషి తనవాడయ్యాడని లెక్క. కడోదరాలో ఉన్న పెద్దల్లుడికి నిశ్చితార్థానికి ముందే కొలత తీశాడట. చిన్నకూతుర్ని చూడటానికి ఉన్ అనే పక్క పేట నుంచి వచ్చిన ఒక సంబంధం వాళ్ల అబ్బాయి మాత్రం చాయ్ తాగి, బిస్కెట్లు తిని, కొలత లేకుండానే వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఆ చిన్నకూతురే. అక్క ముందే నా గురించి మాట వేసింది. మామ తెంచనూ లేదు, ముడి వెయ్యనూ లేదు. "పేపరోడంటే ఏముందమ్మా, పొద్దుగాల వేడి వేడిగ ఉంటడు, మాపటికి పుట్నాల పొట్లమైతడు. చూద్దాం తియ్" అన్నాడట. నేను మాత్రం అప్పటికే మునిగిపోయాను. నవ్వకండి, నేనామె ముఖం సరిగ్గా చూసింది కూడా లేదు. అక్క దగ్గర ఉన్న ఫొటో ఆధార్ కార్డుది. ఆ ఫొటోలతో ఇప్పటిదాకా ఎవరూ ప్రేమలో పడి ఉండరు. చూసినప్పుడల్లా ఆమెకు మాస్కు ఉండేది. రెండు కళ్లూ, ఒక జత కనుబొమలూ, వీటి ఆధారంగా నేను జీవితం మొత్తం నిర్ణయించుకున్నాను. (ఇంత తక్కువ ఆధారంతో వార్త రాస్తే మా న్యూస్ ఎడిటర్ చించి పారేసేవాడు.)

ఆ వేసవిలో మామ మోటారు కాలిపోయింది. చీరల దుకాణం అద్దాల్లో నిదానంగా తిరిగే బొమ్మ కింద ఉండే మోటారు అది. దారం చుట్టాక దాని మీద ఎపాక్సీ అనే జిగురు పూస్తారు. అది గట్టిపడేదాకా ఆ మోటారు కర్రను మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఆగితే పూత కిందికి జారి బొట్టు కడుతుంది. కొత్త మోటారు కొందామంటే దుకాణాలు లేవు. అక్క ఇదే సందని మామతో, "మా తమ్ముడు ఖాళీగనే ఉన్నడు బాపూ, పంపుతా" అంది.

"బామ్మర్దీ, దుకాణంల బొమ్మ కొలువు ఖాళీ అయింది, నీకొచ్చింది" అన్నాడు బావ. "చీర కట్టాల్నా వద్దా అడిగి పో."

వాళ్ల వరండాలో రెండు చెక్క స్టాండ్ల మీద కర్ర పడుకుని ఉంది. నీలం దారం, జరీ అంచు. పూత పూసి మామ దూరంగా జరిగాడు. "ఇది నా బిడ్డ కట్టె. అత్తగారింటికి తీస్కపోయేది. తొందర వద్దు, ఆపుడు వద్దు. ఆపినవనుకో, దానికి కడుపొస్తది. ఏ ఇంటికి పంపాల్నో దాని సంగతి తర్వాత" అని, నా వైపు ఒక చూపు చూసి, లోపలికెళ్లి నడుం వాల్చాడు. నాకర్థమైంది. ఇది కర్ర కాదు, పరీక్ష.

తిప్పుతున్నాను. మధ్యాహ్నపు ఎండ వరండా అంచు దాకా వచ్చి ఆగింది. రింగుల్లోంచి వెలుగు ఒకదాని తర్వాత ఒకటి దాటిపోతోంది. తడి పూత కింద నీలం దారం నది అడుగులా కనిపిస్తోంది. నాకు మామ చెప్పిన రాయి, పచ్చనీళ్లు, తోక కదలిక అన్నీ కనబడుతున్నాయి. ఒడ్డున ఇద్దరు కూర్చున్నారు. ఒకరు నేను. రెండోవారి కళ్లు బాగా తెలుసు, మిగతాది పొగమంచు.

అప్పుడు ఎదురుగా మా మేడ మీదికి ఆమె వచ్చింది. (రెండిళ్లకూ బట్టలారేసే తీగ అక్కడే ఉండేది.) చీర ముక్కలతో కుట్టిన మాస్కులు ఉతికి తెచ్చింది. ఒక్కొక్కటీ తీగకు తగిలిస్తూ, రెండు చేతులూ చాలక, ముఖం మీది మాస్కు గడ్డం కిందికి లాగి క్లిప్పును పళ్ల మధ్య పెట్టుకుంది.

అంతే. ఏముంది అందులో అంటే నేను చెప్పలేను. ముక్కు కొంచెం పక్కకు ఉంది. పైపెదవి మీద చిన్న గాటు. నేను ఇన్నాళ్లూ ఊహించుకున్న ముఖం ఇది కానే కాదు, దానికంటే ఎంతో నిజంగా ఉంది. రంగురంగుల మాస్కులు తీగ మీద ఊగుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. ఆమె ఇటు తిరిగి, క్లిప్పు తీసి అరిచేదాకా లోకంలో లేను.

"అరే ఓ పేపర్‌వాలా! హాథ్ రుక్ గయా! తిప్పుండ్రి, తిప్పుండ్రి!"

తిప్పాను. పిడికి దగ్గరలో, జరీ మీద, చింతగింజంత బొట్టు ఆ వేసవి వేడికి అప్పటికే గట్టిపడి నన్ను చూస్తోంది. కేకకు మామ లేచి వచ్చాడు. వంగి చూశాడు.

"ఏమైంది?"

పత్రికలో పనిచేసేవాడికి సమయస్ఫూర్తి ఉంటుందంటారు. నేను అన్నాను: "కరెంటు పోయింది మామా."

మామ తలెత్తి చూశాడు. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. తల దించి నా చేయి చూశాడు. "దీనికి పోయిందా?" అన్నాడు. మా గ్యాలరీలో బావ గోడ పట్టుకుని నవ్వుతున్న చప్పుడు. మామ మేడ వైపు చూశాడు. ఆమె గబుక్కున మాస్కు పైకి లాక్కుని, ఆరేసిన మాస్కునే మళ్లీ ఆరేస్తోంది.

"చేపలు పట్టేటోనికి ఓపిక లేకున్నా నడుస్తది గని, అబద్ధం రావాలె" అన్నాడు మామ నిదానంగా. "తప్పించుకున్న చేప గింతుండె అంటే ఇంటోళ్లు నమ్మాలె. నీకు గదీ రాదు." అని లోపలికెళ్లిపోయాడు.

అయిపోయిందనుకున్నాను. నాకు చాయ్ బిస్కెట్లు కూడా దక్కలేదు. వెళ్లిపోదామని మెట్టు దిగుతుంటే మామ మళ్లీ బయటికొచ్చాడు, ముఖానికి మాస్కు, చేతిలో ఏదో. నేను అలవాటు కొద్దీ కర్రంత దూరం వెనక్కి జరిగాను.

"ఎన్కకెందుకు పోతున్నవ్? దా."

వచ్చింది ఆయనే. నా చేయి పట్టుకుని, చొక్కా మడిచి, మోచేతి దగ్గర టేపు ఆనించాడు. ఇంట్లోవాళ్లు కాని మనిషి నన్ను ముట్టుకుని ఎన్ని నెలలైందో. శానిటైజరూ ఎపాక్సీ కలిసిన వాసన. ఆయన వేళ్లు దారం చుట్టీ చుట్టీ గరుకెక్కి ఉన్నాయి.

"పొట్టి చెయ్యి" అన్నాడు, టేపు చూసి. "ఏం జేస్తం మరి."

మేడ మీద నుంచి గొంతు వినబడింది. "పప్పా, గా కట్టె నేనే తిప్పుత! ఆయనకిస్తే మల్ల కరెంటు పోతది!"

పెళ్లయ్యాక నేను సూరత్‌లోనే ఉండిపోయాను. ఇప్పుడు ఆ రెండు కర్రలూ మా వరండాలో పక్కపక్కనే వేలాడుతుంటాయి. నాది నున్నగా ఉంటుంది. ఆవిడ కర్రకు ఆ బొట్టు అలాగే ఉంది. గీకి సాపు చేస్తానని మామ ఎన్నిసార్లన్నా ఆవిడ ఒప్పుకోలేదు. ఆదివారాలు తాపీ ఒడ్డున చేపలు ఆవిడకే పడతాయి. అబద్ధాలు నేను చెబుతాను, ఇప్పుడు కాస్త బాగానే వస్తున్నాయి. ఎప్పుడైనా ఆ కర్ర అందిస్తూ బొటనవేలికి ఆ గింజ తగిలితే, ఎండలో నోరు తెరుచుకుని, చేయి ఆగిపోయిన కుర్రాడొకడు కనిపిస్తాడు. తిప్పమని గుర్తు చెయ్యబుద్ధి కాదు. కర్రంత దూరంలో నిలబడి, వాణ్ణి కాసేపు అలాగే చూడనిస్తాను.