చేనుకు వెళ్లొచ్చిన పట్టుచీర

తొంభైల చివర్లో, బెళుగుప్ప దగ్గర మా అత్తగారింట్లో నాకు సీమంతం చేశారు. నేను కట్టుకోవాల్సింది అత్తమ్మ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర. ఆమె దాన్ని ఎప్పుడూ మామయ్య పాత పంచె గుడ్డలోనే చుట్టేది. "కవర్లో పెడితే పట్టుకు ఊపిరాడదమ్మా" అనేది. ఆ పొద్దున చీరను నీడలో ఆరేసి, మడతలు మార్చి, మళ్లీ మూటగట్టి మంచం మీద పెట్టింది.

పేరంటాళ్లంతా వచ్చాక అందరి ముందూ మూట విప్పాను. లోపల జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి! చేనుకు పోయిన మామయ్య సద్దిమూట అది. పక్కపక్కనే పెట్టిన రెండు మూటలూ ఒకే పంచె చింపి కట్టినవి, ఆయన చీర మూట పట్టుకుపోయారు! అత్తమ్మ మంచం మీద కూలబడింది.

అంతలో మామయ్యే వచ్చారు, చీర మూటను రెండు చేతులతో నెత్తిన పట్టుకుని.

"దుమ్ములో యాడ పెట్టినావు నా చీరని?" అని అరిచింది అత్తమ్మ.

"యాడా కింద పెట్టలేదే! నీకు బయపడి దోవంతా నెత్తినే పెట్టుకోని వచ్చినా. ముందు ఆ రొట్టె ఇయ్యి, ఆకలైతాండాది!"

ఇల్లంతా నవ్వులే. చీరకు చిన్న మరక కూడా అంటలేదు. అదే కట్టుకుని గాజులు తొడిగించుకున్నాను.

ఇప్పటికీ ఆ చీరను పాత పంచెలోనే చుడతాం. మామయ్య మాత్రం సద్దిమూటను వాసన చూడందే చేతికి తీసుకోరు.